గల్లా మీద నీ ఫోటో

శీనన్నా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. నిన్న బాబాయితోని చాంద్రాయణగుట్టల ఒక తమిళ డబ్బింగ్ సినిమాకు పోయిన. దాంట్ల హీరోకు నీ బీమారే. ఎవ్వలకూ వినబడని గొంతులు ఆయనకు వినబడతయి. సినిమాలల్ల పిచ్చోడంటే జుట్టు పీక్కుంటడు గదా, ఈయన గట్ల చెయ్యలే. తల్లి ఏదన్న అడిగితే, లోపల ఇంకెవలో మాట్లాడుడు అయిపోయేదాంక ఆగి, అప్పుడు జవాబిచ్చిండు. అచ్చం నీ లెక్క.

బాబాయి చప్పట్లు కొట్టిండు. "ఏం యాక్టింగ్ చేసిండు బిడ్డా!" అన్నడు.

నాకు మండింది. "అన్న రోజూ గట్లనే ఉంటుండె. గిరాకీ పోతదని దుకాణంల అడుగు పెట్టనియ్యకపోతివి. పోయినంక ఫోటో గూడ వద్దంటివి" అన్న.

ఇయ్యాల పొద్దుగాల మన గాజుల దుకాణం తెరిచి, గల్లా మీది గోడకు, తాత, బాపు ఫోటోల పక్కకు మొల కొట్టి నీ ఫోటో పెట్టిన. బాబాయి గాబరా పడ్డడు.

"ఎవలన్న అడిగితే ఏం చెప్తవ్?"

"మా అన్న అని చెప్త. బీమారి పేరు గూడ చెప్త."

పొద్దంత వచ్చినోళ్లకు గాజులు తొడుగుకుంట, ఎవలన్న అడుగుతరేమోనని చూసిన. ఇయ్యాల ఎవ్వలూ అడగలే. ఫికర్ లేదు. అడిగేదాంక నీ ఫోటో గాడ్నే ఉంటది, అడిగినంక గూడ.

నీ చెల్లె