ఉమ్మేసిన వైను

దేవనహళ్ళి తోట,
12 జనవరి 2001

చిరంజీవి చైత్రకు, కోపంలో ఉన్నా సరే, పెదనాన్న దీవెనలు.

"మీ ద్రాక్షతో చేసిన వైను పెద్దపెద్దవాళ్ళు రుచి చూస్తారు, మా వైనరీకి రండి" అని పిలిచావు. వచ్చాం. ఊళ్ళో సారా అంగడి మూయించిన మీ నంజమ్మ పెద్దమ్మ కూడా నీ మొహం చూసి పట్టుచీర కట్టింది. నువ్వు అతిథుల హడావిడిలో ఉన్నావు, చూడలేదు. నేను చూశాను. టై కట్టినాయన గ్లాసు గిరగిరా తిప్పి, ముక్కు పెట్టి వాసన చూసి, నోట్లో పోసుకుని పుక్కిలించి, తొట్టిలో ఉమ్మేశాడు! ఆయన వెనక ఒకావిడ, ఆవిడ వెనక ఇంకొకాయన. అందరూ ఉమ్మారు. పోయినేడు నేను తోలిన పండే కదమ్మా అది! గ్లాసు ముట్టకుండా బయటికొచ్చి చెప్పుల దగ్గర కూర్చున్నాను.

మా నాయన నాటిన తోట. ఇక తలెత్తుకోలేను. తీగలు పీకించి నీలగిరి వేస్తాను. నీలగిరినైతే ఎవరూ నోట్లో పెట్టుకుని ఉమ్మరు.

ఇట్లు,
పెద్దమునియప్ప

తా.క.: మీ పెద్దమ్మ దారంతా నోరు తెరవలేదు. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆమెకూ అంత అవమానం.


హూడి, బెంగళూరు,
18 జనవరి 2001

పెదనాన్నకు, గొడ్డలి కింద పెట్టి చదవమని వేడుకుంటూ, చైత్ర నమస్కారాలు.

అయ్యో పెదనాన్నా! బాగోలేక ఉమ్మలేదు. రుచి చూడడమే వాళ్ళ ఉద్యోగం. తొక్కతో పులియబెడితే రెడ్, తొక్క తీసేసి పులియబెడితే వైట్, తొక్కను కాసేపే ఉంచితే గులాబీరంగు రోజ్. వీటిలో మళ్ళీ ఎన్నో రకాలు. అన్నీ మింగితే మధ్యాహ్నానికి వాళ్ళను మా సెక్యూరిటీవాళ్ళు మోసుకెళ్ళాలి.

వైను నిన్నా మొన్నటిది కాదు. ఈజిప్టులో వేల ఏళ్ళ నాటి రాజుల సమాధుల్లో వైను జాడీలు దొరికాయి. ఏ తోటదో, ఏ ఏటిదో వాటి మీద రాసి ఉందట. తోటకు ఎంత గౌరవమో చూడండి!

పండు కొనే మా హేమంత్‌కుమార్ సార్ మీ దగ్గరికి వస్తారు. నాకే సెలవు దొరికితే పరిగెత్తుకొచ్చేదాన్ని.

మీ
చైత్ర

తా.క.: సార్ ముందు నీలగిరి మాట ఎత్తకండి.


దేవనహళ్ళి తోట,
2 ఫిబ్రవరి 2001

చిరంజీవి చైత్రకు దీవెనలు. ఈసారి కొంచెమే.

బతికున్నవాళ్ళు ఉమ్మేస్తారు, చచ్చినవాళ్ళ పక్కన పెడతారు. ఇదా గౌరవం?

మీ హేమంత్‌కుమార్ వచ్చాడు. మర్యాదస్తుడే, గట్టు మీద బూట్లు విప్పాడు. పందిరి కిందికెళ్ళి పండు తుంచి నోట్లో వేసుకున్నాడు. నేను ఊపిరి బిగబట్టాను. నమిలి నమిలి అరచేతిలోకి ఉమ్మాడు! ఉమ్మినదాన్ని కళ్ళజోడు సర్దుకుని మరీ చూశాడు. "ఏమప్పా, నీకూ తొట్టి తెచ్చియ్యల్లా?" అని అడిగాను. నవ్వాడు. పై కాపుకు పిందెలప్పుడే సగం గుత్తులు కోసి పారేయాలని కూడా అన్నాడు. సగం పారేయాల్సిన పండైతే మిగతా సగమెందుకు?

ఓబళప్పకు కబురు పెట్టాను. పందిరి రాతిస్తంభాలు అతను తీసుకుంటాడు. అమావాస్య పోగానే ట్రాక్టరు వస్తుంది.

ఇట్లు,
పెద్దమునియప్ప

తా.క.: అతను బూట్లు మరిచిపోయి వెళ్ళాడు. ఒకటి మన మేక నమిలింది. అది ఉమ్మలేదు.


హూడి,
9 ఫిబ్రవరి 2001

పెదనాన్నకు, రెండు చేతులూ జోడించి, చైత్ర.

సార్ ఉమ్మింది గింజ కోసం! గింజ ఇంకా పచ్చగా ఉంటే కాయ, గోధుమరంగుకు తిరిగితే పండు. మీ గింజలు జేబులో వేసుకొచ్చి ఆఫీసంతా చూపించారు. సగం గుత్తులు తీసేస్తే తీగ సత్తువంతా మిగిలినవాటికి పోయి రుచి పెరుగుతుందట. బరువు తగ్గినందుకు ధర పెంచుతామన్నారు. మీ ఒక్క తోట పండుతోనే విడిగా ఒక రెడ్ చేయాలని ఆయన ఆశ.

తీగలు పోతే మళ్ళీ నాటి కాపు చూడడానికి ఏళ్ళు పడుతుంది. ఆ పందిరి కింద ఆడుకునే కదా నేనీ ఉద్యోగానికి వచ్చింది. నాకు ఏడుపొస్తోంది పెదనాన్నా.

మీ
చైత్ర

తా.క.: సార్ ఆఫీసుకు వట్టి కాళ్ళతో వచ్చారు. ఇదీ ఒక మట్టి పరీక్షేమోనని ఎవరూ అడగలేదు.


దేవనహళ్ళి తోట,
27 ఫిబ్రవరి 2001

చిరంజీవి చైత్రకు, ఏ మొహంతో రాయాలో తెలియని పెదనాన్న దీవెనలు.

నీ ఉత్తరం నమ్మలేదు. ఉద్యోగం కోసం అలా రాశావనుకున్నాను.

ట్రాక్టరు వచ్చింది. కాపు దింపిన వరస నుంచి మొదలుపెడతానని ఓబళప్ప మొదటి స్తంభానికి గొలుసు చుట్టాడు. మీ పెద్దమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి ఆ స్తంభాన్ని కావలించుకుంది.

"పీకొద్దు. పండు బాగుండాది."

"నీకెట్ల తెలుసు?"

"నేను తాగినా."

డ్రైవరు ఇంజను ఆపేశాడు.

"పిలిచి చేతికిస్తే ఉమ్మేది మర్యాదా? మింగినా. తెల్లది పులుపు. గులాబీరంగుది పరవాలేదు. ఎర్రదాంట్లో మాత్రం మన పండు వాసనే ఉండాది. అడిగి ఇంకొంచెం పోయించుకున్నా."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే?"

"చెప్తే ఊళ్ళో నా మాటకు విలువుంటాదా?" అంటూ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "పోతే పోనీ. తోట ఉంటే చాలు."

నాకు నవ్వొచ్చింది, కళ్ళనీళ్ళూ వచ్చాయి. పరాయివాళ్ళ ముందు ఆ మాట ఒప్పుకోవడానికి ఎంత గుండె కావాలమ్మా! ఓబళప్ప గొలుసు విప్పాడు.

తోట ఉంది. హేమంత్‌కుమార్‌ను రమ్మను. సగం గుత్తులు కోస్తాను. కత్తెర మాత్రం నేనే పడతాను.

ఇట్లు,
పెద్దమునియప్ప

తా.క.: సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. మీ పెద్దమ్మను నిలదీయడానికి ఆడవాళ్ళ సంఘం కూర్చుంది. సారా వేరు, ఇది వేరు అని ఆమె అంటే, రుచి చూడందే తేల్చలేమన్నారు. ఆదివారం మీ వైనరీకి చూడడానికి వస్తున్నారు. సంఘం పెద్ద చౌడమ్మ టెంపో మాట్లాడింది. మగవాళ్ళకు చోటు లేదట.