మెట్ల కింద ఫోమ్

నాయినా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున నీ కరెంటు ఆర్గాన్ విప్పాను. వేళ్లతో నొక్కే మెట్ల కింద చప్పుడు రాకుండా వేసే ఫోమ్ ఎప్పుడో జిగురుముద్ద అయిపోయింది. ముట్టుకుంటే వేళ్లకు నల్లగా అంటింది. స్పిరిటుతో తుడిచి, డోర్నకల్‌లో సీట్లు కుట్టే దుకాణం నుంచి కొత్త ఫోమ్ తెచ్చి, పట్టీలుగా కోసి అంటించాను.

పక్కింటి రైల్వే ఆయన డ్యూటీ దిగి పడుకుంటాడని, నువ్వు చర్చి పాటలు స్విచ్చి వేయకుండానే సాధన చేసేవాడివి. మాకు మెట్ల టకటకలే వినిపించేవి. వాటిని బట్టే అమ్మ వంటింట్లోంచి ఏ పాటో చెప్పేది.

నేనూ స్విచ్చి వేయకుండా కూర్చుని, నీ పాట ఒకటి వాయించాను. మెట్లు టక్కుమనకుండా మెత్తగా దిగాయి.

"ఎప్పుడు మొదలుపెడ్తవ్ బిడ్డా?" అని అమ్మ వంటింట్లోంచి అడిగింది.

అప్పటికే పాట అయిపోయింది.