ఖాళీ చోట వినిపించే కూత

జూలై 8, సోమవారం

డ్రైవర్ మాల్యాద్రి లారీ వచ్చింది. బండికి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ పక్కన వైరింగ్ కాలి నల్లగా ముద్దకట్టింది. కారణం పట్టుకోవడానికి నాకు పది నిమిషాలు కూడా పట్టలేదు. నాయిస్ ఫిల్టర్ షార్ట్ అయింది. బొటనవేలంత రేకు డబ్బా అది. కరెంటులో పుట్టే గోల రేడియోలోకి పోకుండా ఆపాలని కంపెనీవాడు పెడతాడు. ఇక్కడ అదే వైరును తగలబెట్టింది.

తీసేసి డైరెక్టుగా కలిపేద్దామన్నాను. ఉస్తాద్ ఒప్పుకోలేదు. హజరత్ వలి ఉస్తాద్ నలభై ఏళ్లుగా మార్కాపురంలో లారీల కరెంటు పని చేస్తున్నాడు. నాకు టెస్టర్ పట్టడం నేర్పింది ఆయనే. దుకాణం ఆయనదే, పని మాత్రం ఇప్పుడు చాలావరకు నాది. కంపెనీవాడు ఊరికే పెట్టినాడా బేటా, ఒంగోలు నుంచి కొత్తది తెప్పియ్యి, అన్నాడు.

ఒళ్లు మండింది. టీ తాగుతున్న డ్రైవర్లందరూ వినేట్టు అడిగాను, పెట్రోల్ బండికైతే ప్లగ్గులుంటాయి, స్పార్కు ఉంటుంది, గోల ఉంటుంది. డీజిల్ బండికి ప్లగ్గే లేదు, గోల ఎక్కడి నుంచి వస్తుంది ఉస్తాద్, అని. అందరూ నవ్వారు. ఉస్తాద్ కూడా కొంచెం నవ్వాడు. గెలిచాననిపించింది.

జూలై 9

ఓనర్ హరిబాబు వచ్చాడు. ఆయనవి నాలుగు లారీలు, నాలుగూ పలకరాళ్లు తోలేవే. ఒక డబ్బా కాలింది కదా, మిగతా మూడూ కాలకముందే పీకేస్తే పీడ పోతుంది, ఏందో మీరిద్దరూ తేల్చుకోండి, ఆడ లోడు ఆగిపోయింది, అన్నాడు.

జూలై 11, గురువారం

ఈ రోజు తేలింది. ఎలా తేలిందో రాయాలని లేదు. అయినా రాస్తాను. ఇది ఎవరూ చదవరు.

ఉస్తాద్‌కు ఒక అలవాటుంది. ఏ బండి పనైనా పూర్తయ్యాక తన పాత ట్రాన్సిస్టర్ పట్టుకుని క్యాబిన్ ఎక్కుతాడు. స్టేషన్ ఏదీ పలకని ఖాళీ చోట ముల్లు పెట్టి ఇంజన్ రేజ్ చేయిస్తాడు. ఉత్త హోరు వస్తే బండి బాగున్నట్టు. ఆ హోరులో సన్నగా కూత వచ్చి, రేజ్ చేసేకొద్దీ అది పైకి లేస్తే ఎక్కడో తేడా ఉన్నట్టు. కొత్తలో ఆయన పాటలు వెతుకుతున్నాడనుకునేవాడిని.

ఇప్పుడు ఆయనకు ఆ సన్నటి కూత వినపడదు. హారన్ వినపడుతుంది, మాట వినపడుతుంది, అది మాత్రం వినపడదు. రెండేళ్లయింది. ఈ సంగతి బజారులో ఎవరికీ తెలియదు. రేడియో ఆయన పట్టుకుంటాడు, నేను పక్కన కూర్చుంటాను. వస్తాందా బేటా అంటాడు. నేను చెబుతాను.

డబ్బా తీసేసి చూద్దాం, అన్నాడు ఈ రోజు. కూత రాకపోతే నీ మాటే, నాలుగు బండ్లకూ పీకేయ్. వస్తే కొత్త ఫిల్టర్ వెయ్యాల. అది వేసినాక కూడా వస్తే ఆల్టర్నేటర్ ఇప్పాల. అంతే కదా, అన్నాడు. అంతే అన్నాను.

మాల్యాద్రి కింద నిలబడి చూస్తున్నాడు. ఇంజన్ రేజ్ చేశాను. కూత వచ్చింది. సన్నగా, స్పష్టంగా వచ్చింది.

వస్తాందా, అన్నాడు ఉస్తాద్.

రావట్లేదు ఉస్తాద్, అన్నాను.

ఆయన మళ్లీ అడగలేదు. రేడియో కట్టేసి, అయితే నువ్వే కరెక్టు బేటా, అన్నాడు. నా భుజం తట్టి దిగాడు.

జూలై 12

మిగతా మూడు లారీల ఫిల్టర్లు పీకేశాను. ఏం కాదు. రేడియోలో కాస్త కూత వస్తే లారీ ఆగిపోతుందా?

జూలై 24

మాల్యాద్రి ఫోన్ చేశాడు. పాటలు పెడితే వెనక కుయ్యిమని ఒకటే మోత నయీమ్ భాయ్, యాక్సిలేటర్ తొక్కేకొద్దీ ఎక్కువైతాంది, అన్నాడు. ఫిల్టర్ తీసేశాం కదా, కొంచెం ఉంటుంది, సౌండ్ తగ్గించుకో, అన్నాను. సరేలే భాయ్ అని పెట్టేశాడు.

నా మాట నమ్మడానికి ఆయనకు అర నిమిషం కూడా పట్టలేదు.

ఆగస్టు 2, శుక్రవారం

మాల్యాద్రికి యాక్సిడెంట్ అయింది.

నిన్న సున్నిపెంటలో లోడు దింపి ఖాళీ బండితో వస్తున్నాడు. రాత్రి అడవి రోడ్డుకు గేటు వేసేలోగా దోర్నాల చేరాలని తొందర. చీకటి పడే వేళ ఘాట్‌లో బండి లైట్లు మెల్లగా మసకబారి ఆరిపోయాయట. పాత డీజిల్ బండి, కరెంటు లేకపోయినా ఇంజన్ ఆగదు. ఆపితే మళ్లీ స్టార్ట్ కాదని, నెమ్మదిగా దిగిపోదామనుకున్నాడు. మలుపులో కల్వర్టు గోడకు కొట్టాడు. ఎడమ కాలు రెండు చోట్ల విరిగింది.

ఎడమ కాలు. క్లచ్ తొక్కే కాలు.

ఆగస్టు 3

హరిబాబు దుకాణం ముందు నిలబడి ఉస్తాద్‌ను అనరాని మాటలన్నాడు. చెవులు పోయినోడివి ఇంట్లో కూర్చోక రేడియో పట్టుకుని బండ్లు ఎక్కడమెందుకు, ఒక మనిషి కాలు తీసినావు కదా ముసలోడా, అన్నాడు. చెవుల సంగతి ఆయనకెలా తెలిసిందో నాకు తెలియదు. నేను చెప్పలేదు. ఇది మాత్రం నిజం.

బజారంతా మూగింది. ఉస్తాద్ తల వంచుకుని అన్నీ విన్నాడు. ఆఖరికి, బండి ఓకే అని చెప్పింది నేనే, తప్పు నాదే, అన్నాడు.

నేను ఆయనకు మూడడుగుల దూరంలో ఉన్నాను. చేతిలో స్పానర్ ఉంది. దాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ నిలబడ్డాను. నోరు పెగల్లేదని రాస్తే అది కూడా అబద్ధమే. నోరు బాగానే ఉంది. నేనే తెరవలేదు.

ఉస్తాద్ ట్రాన్సిస్టర్‌ను కవర్లో పెట్టుకుని, తాళాలు బల్ల మీద పెట్టి ఇంటికి వెళ్లిపోయాడు.

ఆగస్టు 4, ఉదయం 6

నిద్ర లేదు. దెబ్బ తిన్న లారీని నిన్న షెడ్డుకు తెచ్చారు. ఎవరూ రాకముందే వెళ్లి ఆల్టర్నేటర్ విప్పాను. లోపలి ప్లేటులో, కరెంటును బ్యాటరీకి పంపే డయోడ్లు రెండు మాడిపోయి ఉన్నాయి. మాడిన చోట దుమ్ము, గ్రీజు గట్టిపడ్డాయి. కొత్తగా కాలింది కాదు. వైరింగ్ కాలిన రోజే ఒకటి దెబ్బతిని ఉంటుంది. దాని బరువు మోసి రెండోది పోయింది. బ్యాటరీకి చార్జి అందక లైట్లు ఆరిపోయాయి.

కూత పెట్టింది ఇదే. వచ్చిందని చెప్పి ఉంటే కొత్త ఫిల్టర్ వేసేవాళ్లం. అప్పటికీ కూత ఆగేది కాదు. ఆల్టర్నేటర్ విప్పేవాళ్లం. ఒక పూట పని.

ఆగస్టు 5

ఎందుకు తినడం లేదని తరన్నుమ్ అడిగింది. ఎండ దెబ్బ అన్నాను. పెళ్లాంతో కూడా అబద్ధమే.

ఆగస్టు 9

ఆసుపత్రికి వెళ్లాను. మాల్యాద్రి భార్య సావిత్రమ్మ నన్ను చూసి లేచి, తన స్టూలు నాకిచ్చింది. దేవుడు కాబట్టి ప్రాణంతో వదిలినాడన్నా, అంది. రాడ్లు వేశారు. మళ్లీ క్లచ్ తొక్కగలడో లేదో డాక్టరు చెప్పడం లేదట. మాల్యాద్రికి ఇంకో పని రాదు.

మాల్యాద్రి నా చెయ్యి పట్టుకున్నాడు. ఉస్తాద్‌ను హరిబాబన్న అట్ల తిట్టకుండా ఉండాల్సింది భాయ్, పెద్దాయనకు వయసైంది, ఏం జేస్తాడు, అన్నాడు. నువ్వైతే ఆ రోజు పక్కనే ఉన్నావు కదా, అని కూడా అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే నన్ను సాక్షిగా అనుకుంటున్నాడు.

అరటిపళ్లు బల్ల మీద పెట్టి వచ్చేశాను. సిగ్గుతో మెట్ల మీద కాసేపు కూర్చుండిపోయాను.

ఆగస్టు 11, ఆదివారం

ఉస్తాద్ ఇంటికి వెళ్లాను. ఆయన భార్య అక్తర్ ఖాలా చాయ్ ఇచ్చి లోపలికి వెళ్లింది. చెప్పేశాను. ఆ రోజు కూత వచ్చింది, నేను విన్నాను, రాలేదని చెప్పాను. డ్రైవర్ల ముందు అన్న మాట పోతుందని అలా చెప్పాను.

ఆయన తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. గట్టిగానే వచ్చిందా, అని మాత్రం అడిగాడు. గట్టిగానే వచ్చింది ఉస్తాద్, అన్నాను.

నా చెవులు నీకిచ్చినా కదరా, అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత, నాకు చెప్తే ఏం లాభం, కాలు పోయింది నాది కాదు, అన్నాడు.

ఆగస్టు 12

మాల్యాద్రికి చెప్పాను. గోడ వైపు తిరిగాడు. సావిత్రమ్మ మొన్నటి అరటిపళ్ల సంచీ తెచ్చి నా చేతిలో పెట్టింది. అందులో పళ్లు నల్లబడ్డాయి.

సాయంత్రం హరిబాబుకు చెప్పాను, బజారులో, ఉస్తాద్‌ను ఆయన తిట్టిన చోటే నిలబడి. మూగినవాళ్లలో ఎవరో నవ్వారు. జూలై ఎనిమిదిన విన్న నవ్వు లాగే ఉంది.

ఆగస్టు 19

మూడు లారీలకూ ఫిల్టర్లు తిరిగి పెట్టాను. హరిబాబు మనిషిని కాపలా పెట్టి చేయించుకున్నాడు. కాపలా పెట్టాల్సిందే.

ఆగస్టు 27

ఉస్తాద్ దుకాణానికి వచ్చాడు. కురిచేడు నుంచి వచ్చిన లారీ క్యాబిన్ ఎక్కి ట్రాన్సిస్టర్ పెట్టాడు. పక్కన కూర్చున్నాను.

వస్తాందా, అన్నాడు.

ఆ కూత ఈ మధ్య నాకు అన్నం తినేటప్పుడూ వినపడుతోంది. రేడియోలో వస్తుందో, నా చెవిలోనే ఉందో తేల్చుకోలేకపోయాను.

తెలియడం లేదు ఉస్తాద్, అన్నాను.

అయితే దిగు, ఆల్టర్నేటర్ ఇప్పుదాం, అన్నాడు.