చుక్కాని పట్టినవాడు

మైపాడు,
ఆదివారం.

చిరంజీవి శివకు,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమమని రాయడం ఆనవాయితీ. ఈసారి ఆ మాట రాసే ముందు ఒక్కొక్కరినీ తలచుకుని, నిజమేనని తేల్చుకున్నాకే రాస్తున్నాను. నువ్వూ అక్కడ క్షేమమని తలుస్తాననే రెండో వాక్యాన్ని మాత్రం వదిలేస్తున్నాను. నీ ఉత్తరం చదివాక దాన్ని రాయడానికి చెయ్యి రాలేదు.

ఆ ఉత్తరాన్ని కోట ఊరి రవి కుమార్ తెచ్చి ఇచ్చాడు. కాంట్రాక్టు ముగిసి మీ ఓడ దిగినవాడు తన ఇంటికి పోకముందే మన ఇంటికి వచ్చాడు. అమ్మ వడ్డించిన చేపల పులుసు తిన్నాడు గాని, నీ గురించి ఏమడిగినా "బాగుండాడు పెద్దమ్మా" అనడం తప్ప మరో మాట చెప్పలేదు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. ఫోన్‌లో ఈ సంగతులు మాట్లాడవద్దన్నావు కనుక, మీ ఓడలో కొత్తగా చేరబోతున్న అతని స్నేహితుడి చేతికి ఈ జవాబు ఇచ్చి పంపుతున్నాను.

ముందు నువ్వడిగిన చిన్న ప్రశ్నలు. అమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పిన రోజునే ఇల్లంతా చూసి, "ఇంత బూజు పెట్టుకోని నాకొక మాట చెప్పలేదేందే" అని నన్ను తిట్టింది. మన పడవ ఇంజను బాగుచేయించాం. డీజిల్ ధర చూసి నాన్న చేపల వేటకు వెళ్ళే రోజులు తగ్గించాడు. కోట వైపు రొయ్యల రైతులు మరీ దిగాలుగా ఉన్నారు. మీరు తిరిగే ఎర్రసముద్రం దారి ప్రమాదమని ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్తున్నాయి; పెరిగిన కిరాయిని వ్యాపారులు రొయ్య ధరలో కోసి రైతు నెత్తిన రుద్దుతున్నారు. ఆ యుద్ధం ఏ దేశంలో జరుగుతున్నదో సరిగా తెలియని మనిషి కూడా దానికి తన వంతు చెల్లిస్తున్నాడు.

ఇక, "ఎవరి యుద్ధం అక్కా ఇది? మా ఓడ మీద ఎవరికి కోపం?" అని రాశావు. కాలేజీలో పిల్లలు అడిగితే గోడకు మ్యాపు తగిలించి చెప్తాను. ఎర్రసముద్రం దక్షిణాన సన్నబడి ఇరుకు దారి అవుతుంది. ఆ దారిని చేతిలో పెట్టుకున్నవాడు ఎన్నో దేశాల పొయ్యిలను చేతిలో పెట్టుకున్నట్టే. అందుకే పెద్ద దేశాలు దాని పక్కన పోటీపడి స్థావరాలు కట్టుకున్నాయి. అగ్రరాజ్యాలు ఒకదానితో ఒకటి నేరుగా తలపడవు. అణుబాంబులు అన్ని వైపులా ఉన్నాయి కనుక తమ నగరాలు మిగలవని వాటికి తెలుసు. ఆ పోట్లాట ఏదో పేద దేశపు నేల మీద జరగాలి. ఒకరు ఒక పక్షానికి ఆయుధాలిస్తారు, మరొకరు ఎదుటి పక్షానికి. ఆ అరువు ఆయుధం పట్టినవాడికి సొంత కడుపుమంట ఉంటుంది, దాన్ని నేను కాదనను. దానికి చమురు పోసేవాళ్ళు మాత్రం చల్లని గదుల్లో కూర్చుని శాంతి మీద ఉపన్యాసాలిస్తారు. వాళ్ళ యుద్ధనౌకలు వాళ్ళ సరుకుకు కాపలా కాస్తాయి. మీ ఓడ యజమానిది ఒక దేశం, బీమా కంపెనీది మరో దేశం, చమురు ఇంకో దేశానిది, పైన ఎగిరే జెండా ఒక్క యుద్ధనౌకైనా లేని చిన్న ద్వీపానిది. దెబ్బ తగిలితే పోయేది మైపాడువాడు, కోటవాడు. నీ మీద ఎవరికీ కోపం లేదు శివా. కోపం కూడా లేకుండా చంపుతున్నారు. నేను సహించలేనిది అదే.

నువ్వు రాసినదాన్ని నేను సరిగా అర్థం చేసుకున్నానో లేదో చూడు. ఆ ఉదయం మీ ముందున్న ఓడకు క్షిపణి తగిలింది. నీళ్ళ మీద నారింజరంగు తెప్ప, అందులో మనుషులు. ఒకతను చొక్కా విప్పి ఊపుతున్నాడు. ఆగవద్దు, తిన్నగా పోనివ్వమన్నాడు కెప్టెన్. చుక్కాని దగ్గర డ్యూటీ నీది. నువ్వు తిన్నగా పోనిచ్చావు.

వాళ్ళను తర్వాత ఎవరైనా ఎక్కించుకున్నారా అని అడిగావు. దొరికినంత మేరకు వెతికాను. ఆ ఓడ పేరు కనిపించింది, కాలిన చమురు లెక్క కనిపించింది, మర్నాడు ధర ఎంత పెరిగిందో కనిపించింది. తెప్ప గురించి ఒక్క మాట కూడా లేదు. అందుకని తెలియదనే చెబుతున్నాను. సముద్రంలో ఆపదలో ఉన్నవాణ్ణి కాపాడాలని దేశాలన్నీ ఒప్పుకుని రాసుకున్న చట్టం ఉంది. తన ఓడకే ముప్పు ఉంటే తప్పించుకునే వెసులుబాటు కూడా అందులో ఉంది. ఆ చట్టం రాసిన పెద్దలే సముద్రమంతా ముప్పు నింపారు. ఇప్పుడు వెసులుబాటే మిగిలింది, చట్టం మునిగిపోయింది.

ఈసారి సెలవుకు రానని, కాంట్రాక్టు పొడిగించుకుంటానని రాశావు. ఎందుకో నాకు తెలుసు. ఆపదలో ఉన్న పడవను దాటుకుని వచ్చినవాడు మన రేవులో ఊరందరి ఎదుట నిలబడి ఆ మాట తన నోటితో చెప్పాలి. అంతవరకు అతన్ని ఎవరూ పడవ ఎక్కించుకోరు. ఈ కట్టుబాటులో పుట్టినవాడివి కనుకే నీకు నిద్ర పట్టడం లేదు.

శివా, ఒక విషయం ఇంతవరకూ ఆపి ఉంచాను. నాన్నకు చెప్పవద్దన్నావు. చెప్పేశాను.

వల బాగుచేసుకుంటూ అంతా విన్నాడు. చివర ఒక్కటే అడిగాడు. "చుక్కాని ఎవురు పట్టినారు పాపా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. "మన శివానే నాన్నా" అన్నాను.

వల పక్కన పెట్టి లేచాడు. మర్నాడు పడవలన్నీ ఒడ్డుకు చేరాక, తలగుడ్డ విప్పి నడుముకు చుట్టుకుని, రేవులో తీర్పు చెప్పే పెద్దకాపు ముత్యాలయ్య మామ ఎదుట నిలబడ్డాడు. "నా కొడుకు నీళ్ళలో ఉన్న మనుషుల్ని దాటుకోని పోయినాడు. వాడు దూరాన ఉండాడు. వాడి బదులు నేను నిల్చుకున్నా" అన్నాడు.

"పోనీమన్నది ఎవురు?" అని మామ అడిగాడు.

"కెప్టెన్ అంట."

"ఆయప్పకి చెప్పింది ఎవురు?"

నాన్న నా వైపు చూశాడు. "కంపెనీ, మామా" అన్నాను.

"కంపెనీ పైన?"

"బీమా వాళ్ళు. వాళ్ళ పైన యుద్ధం చేసే దేశాలు, వాటికి ఆయుధాలిచ్చే దేశాలు."

మామ గడ్డం గోక్కున్నాడు. "అంతమందిని నిలబెట్టేదానికి మన రేవు చాలదు గదా పంతులమ్మా."

కొందరు నవ్వారు. అమ్మ నవ్వలేదు. ఆడవాళ్ళ మధ్యనుంచి ముందుకు వచ్చింది. "వాళ్ళకి చాలని రేవు నా కొడుక్కి చాలిందా? ఆ బాంబు చేసినోణ్ణి అడగలేరు, అమ్మినోణ్ణి అడగలేరు. కూలికి పోయినోడు దొరికినాడా మీకు?"

ముత్యాలయ్య మామ, "పిలిస్తే వచ్చేది వాడొక్కడే నాగులమ్మా. వాళ్ళెవురూ రారు. అందుకనే వాణ్ణి పిలస్తండాం" అన్నాడు. తర్వాత అందరివైపు తిరిగి, "ఆ తెప్పలో వాళ్ళ కోసరం రేపు వేట లేదు" అన్నాడు.

"వాళ్ళ పేర్లయినా తెలవవు గదా" అని ఎవరో గొణిగారు.

"నీళ్ళలో పడినోడికి పేరెందుకురా?" అన్నాడు మామ.

మర్నాడు ఒక్క పడవా దిగలేదు. యుద్ధనౌకలున్న ఏ దేశమూ ఆ మనుషుల కోసం ఒక పూట కూడా ఆగలేదు. ఆగినవాళ్ళు అప్పు మీద డీజిల్ కొనుక్కునేవాళ్ళు.

నేను తప్పు చేశానా అని అడిగావు. లేదని రాస్తే నువ్వు నమ్మవు, నేనూ రాయలేను. ఆ తప్పులో నీ వంతు ఎంతో కొలిచి చెప్పే విద్య నా దగ్గర లేదు. నాకు తెలిసినంతలో, నీ పైన ఉన్న అంతమందిలో ఒక్కరు కూడా ఈ ప్రశ్న వేసుకోలేదు. వేసుకున్నవాడివి నువ్వు. కాంట్రాక్టు పొడిగించకు. రా. రేవులో నిలబడి చెప్పు. నీ పక్కన నేనూ నిలబడతాను. ఆ ఓడ పేరు, ఆ చోటు, చొక్కా ఊపిన మనిషి, అన్నీ చెప్పు. ఆ మనుషులు ఉన్నారని ఒక్కచోటైనా నలుగురి ఎదుట పలకాలి.

నీకేమైనా రాయమంటావా అని నాన్నను అడిగాను. "ఇంజను బాగైందని రాయి. చుక్కాని వాడొచ్చి పట్టుకోవాల. నాకు చెయ్యి నొప్పిగా ఉండాది" అన్నాడు.

నాన్న చేతికి నొప్పేమీ లేదు.

ఇట్లు,
నీ రాక కోసం రేవువైపు చూస్తున్న
అక్క దుర్గ