మొదటి సంపుటం మహారాణులు

చిరంజీవి అమ్మాయికి,

నాన్న దీవెనలు. ఇక్కడ నేనూ నా దగ్గూ ఇద్దరం క్షేమం. పాప పుట్టిందన్న కబురు అందింది. పేరు విషయంలో తొందరపడవద్దు. పేరంటే పుస్తకానికి అట్ట లాంటిది. లోపలి కాగితం ఎలాంటిదైనా లోకం ముందు చూసేది దాన్నే. బతుకంతా అట్టలు వేసినవాణ్ణి, ఆ మాత్రం చెప్పగలను.

నేను బడికి వెళ్లింది తక్కువే. కానీ బైండింగుకు వచ్చిన పుస్తకాన్ని చదవకుండా కుట్టింది లేదు. జిగురు ఆరేలోపు మనిషి ఏదో ఒకటి చేయాలి కదా. మిగతావాళ్లు బీడీలు కాల్చారు, నేను చరిత్ర చదివాను. (జిగురంటే గుర్తొచ్చింది. అందులో మైలుతుత్తం కలపకపోతే ఎలుకలు పుస్తకాన్ని చివరి పేజీ నుంచి చదువుకుంటూ వస్తాయి. ఆ కథ ఇంకోసారి.)

గొప్ప స్త్రీల చరిత్ర అని ఒక లావుపాటి పుస్తకం నా చేతుల మీదుగా వెళ్లింది. అందులో ఒకావిడ, కరువుతో మాడుతున్న నగరానికి ధాన్యం ఓడను నడుపుకుంటూ వచ్చింది. తుఫాను. మగవాళ్లంతా వద్దన్నారు. ఆవిడ వినలేదు. ఓడ రేవులోకి రాగానే జనం ఏడ్చారట. నేనూ ఏడ్చాను, ఆ రోజు జిగురు పలచబడింది. పాపకు ఆవిడ పేరే పెట్టండి. పేరు విడిగా చీటీ మీద రాసి జతచేశాను. ఉత్తరంలో రాస్తే ఉత్తరంతో పాటే పారేస్తావు.

ఆశీస్సులతో,
నాన్న

తా.క. చీటీ వెనక ఉన్నవి నేను కొనాల్సిన సరుకులు. మీ ఆయన తిరగేసి చదివి, "సబ్బు అన్న పేరు బాగుంది మామగారూ" అనగలడు. ముందే చెప్పి ఉంచు.

*

పూజ్యులైన నాన్నగారికి,

నమస్కారాలు. క్షేమమని రాయాలి కాబట్టి క్షేమం. ఒక చేత్తో రాస్తున్నాను, రెండో చేతిలో మీ మనవరాలు ఉంది. దించితే తెలిసిపోతుంది. నిద్రలో కూడా తెలిసిపోతుంది. ఎవరి పోలికో.

పేరు త్వరగా తేలాలి నాన్నా. నెలాఖరులోగా పేరున్న జనన ధ్రువపత్రం చూపిస్తేనే మా ఆఫీసులో సెలవు పొడిగిస్తారు. లేకపోతే ఒకటో తారీఖు నుంచి నేను మళ్లీ టికెట్ల కౌంటర్లో కూర్చోవాలి. నమోదు ఆఫీసు గుమాస్తాను గడువు అడిగితే, "పేరు దొరక్కపోతే ఆడశిశువు అని రాసేస్తానమ్మా, పెళ్లయ్యేదాకా అలాగే పిలుచుకోండి" అన్నాడు.

మీ చీటీ చూసి మా అత్తగారు, "అద్దె ఇంటికి వెళ్లేముందు విచారించమా, పేరుకూ విచారించాలి" అన్నారు. మా ఆయన నడిపే బస్సు లైబ్రరీ ముందు ఆగుతుంది. దిగి విచారించి వచ్చారు. ఆ పుస్తకానికి రెండో సంపుటం ఉందట నాన్నా. అందులో ఆ ఓడ ఆవిడ, ధాన్యాన్ని మూడింతల ధరకు అమ్మింది. ఏడాది తిరిగేసరికి నగరంలో సగం ఇళ్లు ఆవిడవే. రేవులో జనం ఏడ్చింది నిజమే, కానీ రెండుసార్లు ఏడ్చారు. మీరు మొదటి ఏడుపు దగ్గర ఆగిపోయారు.

ఇంకో పేరు చెప్పండి. త్వరగా.

నమస్కారాలతో,
మీ అమ్మాయి

తా.క. ఇదంతా విని మా అత్తగారు మాత్రం, "ఇందులో తప్పేముంది, పిల్ల వ్యాపారం తెలిసినదవుతుంది" అన్నారు.

*

అమ్మాయికి,

దీవెనలు. నీ ఉత్తరం చదివి నాకు కోపం రాలేదు. వచ్చింది, పోయింది.

రెండో సంపుటం ఉన్న మాట నిజమే. అది నా దగ్గరికి రాలేదు. ఆ పుస్తకాల యజమాని నాకు మొదటిది ఇచ్చి, రెండోది ఎదురు వీధి బైండరుకు ఇచ్చాడు. ఇద్దరిలో ఎవరు బాగా కుడతారో చూద్దామని. ఆ బైండరు సంగతి నీకు తెలియదు. అచ్చు కాగితాల ఫారాలు ముందువి వెనక్కి, వెనకవి ముందుకు పెట్టి కుట్టేవాడు. ఒకసారి వంటల పుస్తకం మధ్యలో పశువైద్యం వచ్చింది. కొనుక్కున్నవాళ్లు కొన్నాళ్లు అలాగే వండుకున్నారు. అలాంటివాడు కుట్టిన సంపుటంలో ఉన్నది చరిత్ర అని ఎలా నమ్ముతావు?

సరే, ఇంకో ఆవిడ. ఈవిడ వైద్యురాలు. మహమ్మారి వచ్చి ఊరు ఊరంతా పారిపోతుంటే, మందుల పెట్టె నెత్తిన పెట్టుకుని ఎదురు నడిచింది. ఆవిడ చేతి మందు తాగినవాడు మళ్లీ వైద్యుడి గడప తొక్కలేదట. ఆ వాక్యం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. చీటీ జతచేశాను. వెనక వైపు ఈసారి ఏమీ రాయలేదు.

నాన్న

తా.క. మీ అత్తగారికి ఈ వైద్యురాలి సంగతి చెప్పు. ఇక నోరెత్తరు.

*

నాన్నగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరాలు మా ఇంట్లో పైకి చదువుతారని మీకు చెప్పి ఉండాల్సింది.

మా ఆయన మళ్లీ లైబ్రరీకి వెళ్లారు. మీ వైద్యురాలికి రెండో సంపుటంలో ముగ్గురు భర్తలు. ముగ్గురికీ ఆవిడే మందు కలిపింది. ముగ్గురూ నిజంగానే మళ్లీ ఏ గడపా తొక్కలేదు. ఈ సంగతీ, "మీ అత్తగారు ఇక నోరెత్తరు" అన్న మీ తాజా కలమూ మా అత్తగారు ఒకే పూట విన్నారు. అప్పటి నుంచి కాఫీ తనే కలుపుకుంటున్నారు. మా ఆయన తాగేముందు వాసన చూస్తున్నారు. "ఏమీ లేదు, అలవాటు" అంటున్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ అలవాటు నేను చూడలేదు.

వదిలేయండి నాన్నా. సెలవు లేకపోయినా ఫరవాలేదు, ఒకటో తారీఖున కౌంటరుకు వెళ్తాను. నిలబడటం నాకు కొత్త కాదు కదా. చిన్నప్పుడు బడి మానేస్తానన్నప్పుడల్లా నా పేరుగల రాణి కథ చెప్పేవారు. కోట బయట శత్రువులు, లోపల ఆవిడ ఒక్కతే, తలుపు గడియ పట్టుకుని నిలబడింది, కదల్లేదు అని. మా అత్తగారి కాలు విరిగినప్పుడు, రెండు డ్యూటీలు వరసగా చేసినప్పుడు, పాప కడుపులో ఉండి కౌంటర్లో కళ్లు తిరిగినప్పుడు, నాకు ఆవిడే గుర్తొచ్చేది. ఆవిడ కదల్లేదు, నేనెలా కదులుతాను అనుకునేదాన్ని.

ఉంటాను. పాప లేచింది. నిద్రపోయిందని నేను ఎందుకు అనుకున్నానో.

మీ అమ్మాయి

తా.క. మీరు మా అత్తగారికి ఒక మాట రాయండి. తియ్యగా. మందుల ప్రస్తావన లేకుండా.

*

అమ్మాయికి,

దీవెనలు. మీ అత్తగారితో చెప్పు, నాకు ఏ దురుద్దేశమూ లేదని. ఆవిడకూ నాకులాగే దగ్గు ఉందని ఎప్పుడో రాశావు. క్షమాపణగా నేను తాగే దగ్గుమందు సీసా ఒకటి పార్సిల్ చేశాను. ఒక్క చెంచా చాలు, మనిషి హాయిగా పడుకుంటుంది.

నీ ఉత్తరం చివర చదివి నాకు గర్వంగా ఉంది. పేరు ఇంట్లోనే పెట్టుకుని ఊరంతా వెతికాం. పాపకూ నీ పేరే పెట్టు. తల్లికి పెద్ద రాణి, కూతురికి చిన్న రాణి. ఆ గడియ ఆవిడ మీద ఎదురు వీధివాడి చేయి పడే వీలు లేదు. ఆవిడది మొదటి సంపుటంలో చివరి పేజీ. గడియ పట్టుకుని నిలబడింది. అక్కడితో సంపుటం అయిపోయింది, వెనక అట్ట నేనే వేశాను. ఇక ఎక్కడికి కదులుతుంది? నువ్వూ అలాగే నిలబడు.

నాన్న

తా.క. సీసా మీద కాగితం ఊడిపోయింది. లోపల ఉన్నది దగ్గుమందే.

*

నాన్నగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరంలో చివరి పేజీ అన్న మాట చదివాక నాకు కూర్చోబుద్ధి కాలేదు. పాపను మా అత్తగారి ఒళ్లో పెట్టి, మా ఆయన బస్సెక్కి, నేనే లైబ్రరీకి వెళ్లాను. పాప పుట్టాక రెండు చేతులూ ఖాళీగా బయటికి వెళ్లడం అదే మొదలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

రెండో సంపుటం మొదటి పేజీ చదివాను. ఆవిడ నిలబడిన మాట నిజమే నాన్నా. ఊళ్లోవాళ్లు కోట వెనక దారిన వెళ్లిపోతుంటే, అంతసేపూ ముందు తలుపు గడియ పట్టుకుంది. అందరికన్నా ఆఖర్న ఒక ముసలమ్మ, కోడిపెట్టను చంకన పెట్టుకుని దాటింది. అది చూసి ఆవిడ గడియను నేల మీద పెట్టి, తనూ అదే దారిన వెళ్లిపోయింది. శత్రువులు తలుపు బద్దలుకొట్టి లోపలికొస్తే ఖాళీ కోట. ఆ తర్వాత ఆవిడ ఎక్కడో తేనెటీగలు పెంచుకుంటూ, ఎండెక్కేదాకా పడుకుంటూ చాలాకాలం బతికిందట.

మీ మహారాణుల్లో రెండో సంపుటంలో ఇంకా మంచిదైంది ఆవిడ ఒక్కతే. ఆ పేజీ మీరు చదివుంటే నేను కొన్నిసార్లు బడి మానేసేదాన్ని.

అది చదివి బల్ల మీద తల పెట్టాను. లేచేసరికి దీపాలు వెలిగించి ఉన్నాయి. లైబ్రరీ ఆవిడ లేపలేదు. చరిత్ర బీరువాల దగ్గర జనం నిద్రపోవడం అక్కడ మామూలేనట.

పాపకు నా పేరు పెట్టకూడదని, కనీసం దానికైనా గడియ అప్పగించకూడదని నిశ్చయించుకుని ఇంటికొచ్చాను. మా అత్తగారు పాపను పడుకోబెట్టి, నా చేతిలో ఒక కాగితం పెట్టారు. జనన ధ్రువపత్రం. నేను అటు వెళ్లగానే, మీ మొదటి చీటీ పట్టుకుని పాపను ఎత్తుకుని నమోదు ఆఫీసుకు వెళ్లొచ్చారట. పాపకు మీ ఓడ ఆవిడ పేరు పెట్టారు. ఇదేమిటత్తయ్యా అంటే, "మీ నాన్నకు మహారాణి కావాలి, నీకు సెలవు కావాలి. ఉన్నవాళ్లలో పని అయ్యేలా చూసుకున్నది ఇదొక్కతే. నువ్వు వెళ్లి పడుకో" అన్నారు.

వెళ్లి పడుకున్నాను. మర్నాడు సెలవు కాగితం పంపాను. గడియ కింద పెట్టాను నాన్నా. ఏమీ కూలలేదు.

మీ అమ్మాయి

తా.క. సీసాలోంచి మా అత్తగారు ముందు మా ఆయనకు ఒక చెంచా ఇచ్చి, సాయంత్రం దాకా చూసి, తర్వాత తను తాగారు. దగ్గు తగ్గిందట. ఇంకోటి పంపమన్నారు, కాగితం ఉన్నది.

మరో తా.క. ఎదురు వీధి ఆయన కుట్టు చూశాను. ఒక్క దారం కదల్లేదు. మీరు బాధపడతారని పైన ఉత్తరంలో రాయలేదు.

ఆఖరి తా.క. మూడో సంపుటం కూడా ఉందట. బీరువాలోంచి తీయనా అని లైబ్రరీ ఆవిడ అడిగింది. వద్దన్నాను.