పక్షి బరువు

అక్కయ్యకు, నేను కులాసా. గ్లౌజులు లేకుండా దేన్నీ ముట్టుకోవడం లేదని అమ్మకు చెప్పు.

నిన్న ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన సముద్రపక్షి ఒకటి మా ల్యాబుకు వచ్చింది. ఒళ్లంతా చిక్కి రొమ్ముటెముక పొడుచుకొచ్చినా పొట్ట మాత్రం నిండుగా ఉంది. తూచి బరువు రాసేశాను. మా పెద్ద డాక్టరు చూసి, "ఇందులో పక్షిదెంత, పురుగులదెంత? తీసి మళ్లీ తూచవయ్యా," అన్నారు. కోస్తే గిన్నెడు పురుగులు.

పాప బరువు పెరిగిందని, పొట్ట గుండ్రంగా అయిందని మురిసిపోతూ రాశావు. చేతులు చిక్కాయో లేదో రాయలేదు. ఎంత తిన్నా ఆకలే అంటోందని కూడా నువ్వే రాశావు. రేపే డాక్టరుకు చూపించి నులిపురుగుల మందు వేయించు. నా నీలం స్వెటరు అక్కడే ఉండిపోయింది, పంపు.

బావగారికి నమస్కారాలు, పాపకు ముద్దులు. మందు వేశాక మళ్లీ తూచి, అందులో పాపదెంతో రాయి.

తమ్ముడు