డాక్టరుగారి కోటు బొత్తాం

కంటి డాక్టరు గారికి, ఎదురు వీధి టైలరు నమస్కరించి రాయునది.

గురువారం నా కంటి శుక్లం ఆపరేషన్‌కి రాలేను. నిన్న మా మనవరాలు ఫోనులో మీ వీడియో పెట్టింది. బొమ్మ మసకే గానీ, కోటుకి ఊడిన బొత్తాం కుట్టుకుంటూ మీరు మూడుసార్లు "అబ్బా" అనడం బాగా వినిపించింది. పైగా "సూదీ నేనూ ఉప్పూ నిప్పూ" అని నవ్వారు. బొత్తానికే దారి తెలియని చెయ్యి నా కంట్లోకి ఎలా వస్తుంది? మా ఇంటిల్లిపాదీ బతికింది ఈ కంటి మీదే.

ఇట్లు, టైలరు

తా.క.: దారానికి ముడి వేయలేదట మీరు. మనవరాలు చెప్పింది.

*

మాస్టారూ, నమస్తే.

ఆ వీడియో సరదాకి పెట్టాను. ధైర్యంగా రండి. ఈ ఆపరేషన్‌లో అసలు కుట్లే ఉండవు.

మీ డాక్టరు

తా.క.: ముడి వేశాను. బొత్తాం నిలిచింది. కాకపోతే కోటునీ లోపలి చొక్కానీ కలిపి కుట్టేశాను.

*

డాక్టరు గారికి,

కుట్లు ఉండవా? బట్ట కత్తిరించి కుట్టకుండా ఇస్తే ఎవరైనా ఊరుకుంటారా? పోనీ, మీరు కోయండి. రెండో కంటితో అద్దంలో చూసుకుని నేనే కుట్టుకుంటాను.

ఉంటాను, టైలరు

తా.క.: దారం తెలుపు తేవాలా, నలుపా?

*

మాస్టారూ,

ఆ కోత నువ్వుగింజంత, దానంతటదే మూసుకుంటుంది. దారం ఇంట్లోనే ఉంచండి.

మీ డాక్టరు

తా.క.: మీ ఉత్తరం చదివి పడీపడీ నవ్వాను. పేరు చెప్పకుండా వీడియోలో వినిపించాను. అందరికీ తెగ నచ్చింది.

*

అయ్యా,

పేరు చెప్పకపోతే మాత్రం, కంటి ఆపరేషన్‌కి భయపడే టైలరు ఈ వీధిలో ఇంకెవరున్నారు? పొద్దున్నుంచీ వచ్చిన ప్రతివాళ్లూ "దారం తెలుపా, నలుపా" అంటున్నారు. నాకు బాధేసింది. నలభై ఏళ్లుగా అందరి నడుం కొలతలూ నా దగ్గరున్నాయి. ఎవరి పొట్ట ఎంత పెరిగిందో వాళ్లింట్లో వాళ్లకి కూడా చెప్పలేదు. నమ్మి చెప్పుకున్న మనిషిని నవ్వులపాలు చేస్తారా? నేను ఇంకో డాక్టరుని చూసుకుంటాను.

టైలరు

తా.క.: మీ నడుం కొలత కూడా నా పుస్తకంలో ఉంది. భయపడకండి, చెప్పను.

*

మాస్టారు గారికి,

తప్పు నాదే. మీ ఉత్తరం చదివిన వీడియో తీసేశాను. ఇకమీదట పేషెంటు మాట నా గది గడప దాటదు. నా దగ్గరికి రాకపోయినా సరే, ఆపరేషన్ మాత్రం ఆలస్యం చేయకండి. నాకు ఈ పని నేర్పిన డాక్టరమ్మకి చీటీ రాసి జతచేశాను.

తలదించుకుని, మీ డాక్టరు

తా.క.: కనుక్కున్నాను. ఆవిడకీ బొత్తాం కుట్టడం రాదు.

*

డాక్టరు బాబుకి,

తప్పు ఒప్పుకుని, నన్ను తన గురువు దగ్గరికి పంపబోయిన మనిషినే నమ్మాలనిపించి ఆపరేషన్‌కి మీ బల్లే ఎక్కాను. మంచిపని చేశాను. నిన్న సూదిలోకి దారం ఒక్కసారికే ఎక్కింది. సంతోషం ఆగలేదు, ఏడ్చేశాను. కంట్లో నీళ్లు పడకూడదన్నారు, ఇవి కూడా లెక్కేనా?

ఆ కంటితోనే మీ బొత్తాం వీడియో మళ్లీ చూశాను. కోటు కాలరు లోపల మా షాపు పేరుంది. పోయినేడు నేను కుట్టిన కోటే అది. జేబులు ఒకటి పైకి, ఒకటి కిందికి. ఇక ఆ బొత్తాలకి నేను వేసింది రెండేసి కుట్లు, ఊడక ఏం చేస్తాయి? అంతమంది ముందు నా పేరెత్తకుండా, చేతకానితనం మీ నెత్తినే వేసుకున్నారు. కోటు పంపండి, కొత్తది కుట్టి ఇస్తాను.

మీ మాస్టారు

తా.క.: కన్ను మసకబారాక నేను కుట్టిన బట్టలన్నీ ఊరి మీద తిరుగుతున్నాయి. ఇది వీడియోలో పెట్టారో, మీ నడుం కొలత నా దగ్గరే ఉంది.